బందరు విడిచి వెళ్ళని నోబుల్ దొర



ఈసారి మన గోడపత్రికలో ఒక మాస్టారి జీవితం రాస్తున్నాను. ఆయన రాజు కాదు, యుద్ధం గెలవలేదు, ఏ యంత్రమూ కనిపెట్టలేదు. ఒకే ఊళ్ళో, ఒకే బళ్ళో 22 ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ ఊళ్ళోనే కన్నుమూశాడు. ఆయన పేరు రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్.

మచిలీపట్నంలో నోబుల్ కాలేజీ అంటే ఎవరైనా దారి చెబుతారు. నోబుల్ అనే మాటకు ఇంగ్లీషులో గొప్ప గుణం గల అని అర్థం ఉంది కదా, కాలేజీకి అందుకే ఆ పేరు పెట్టారని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఒక మనిషి ఇంటిపేరు. ఆ మనిషి తన పేరు నిలవాలని బడి పెట్టలేదు. పేరు కోరని వాడి పేరే నిలిచింది. అందుకే ఆయన గురించి తెలుసుకోవాలి.

ఆ ఊరు ఎక్కడ?

మనలో చాలామంది ఇంకా సముద్రం చూడలేదు. మన ఊళ్ళలో ఎటు చూసినా కొండలే. బెజవాడలో రైలెక్కి గుడివాడ మీదుగా బందరుకు పోతుంటే మాత్రం దారి పొడవునా ఒక్క కొండ కూడా కనిపించదు. చదునైన నేల, వరిచేలు, కాలువలు, తాటిచెట్లు. బందరు దాటితే ఇక సముద్రమే. మచిలీపట్నాన్నే వాడుకలో బందరు అంటారు. దానికి దక్షిణంగా కృష్ణానది పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలిపోతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న నేలే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు అక్కడి ఊళ్ళు.

బందరు చాలా పాత రేవు. ఇంగ్లీషు వర్తకులు 1611లోనే అక్కడ వ్యాపారం మొదలుపెట్టారు. డచ్చివాళ్ళు కూడా వచ్చారు. కలంకారీ బట్టలు ఓడలెక్కి దూరదేశాలకు పోయేవి. అంటే బందరుకు వచ్చిన దొరలలో ఎక్కువమంది డబ్బు కోసం వచ్చినవాళ్ళే. వచ్చారు, సంపాదించుకున్నారు, వెళ్ళిపోయారు. నోబుల్ కూడా ఓడలోనే వచ్చాడు. కాని సంపాదించుకోలేదు, తిరిగి వెళ్ళనూ లేదు.

వదిలి వచ్చినది

నోబుల్ 1809లో ఇంగ్లాండులో, లెస్టర్‌షైర్ అనే జిల్లాలోని ఫ్రిస్బీ గ్రామంలో పుట్టాడు. తండ్రి ఆ ఊరి చర్చిలో పాదిరి. కొడుకు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో, సిడ్నీ ససెక్స్ కాలేజీలో చదివాడు. ఆ రోజుల్లో కేంబ్రిడ్జిలో చదివిన పాదిరికి దారి సుఖంగా ఉండేది. ఏదో ఒక మంచి పల్లెలో చర్చి, దాని పక్కన పెద్ద ఇల్లు, ఏడాదికింత అని రాబడి, ఊరందరి గౌరవం. ఇందులో తప్పేమీ లేదు. ఎవరైనా కోరుకునేదే.

నోబుల్ ఆ దారి పట్టలేదు. చర్చి మిషనరీ సొసైటీ అనే సంస్థ 1841లో తెలుగు దేశానికి ఇద్దర్ని పంపింది. ఒకడు నోబుల్, రెండోవాడు హెన్రీ వాట్సన్ ఫాక్స్. తెలుగువాళ్ళ మధ్య ఆ సంస్థ పని వీళ్ళిద్దరితోనే మొదలైంది. ఫాక్స్ వయసులో చిన్నవాడు, ఆక్స్‌ఫర్డులో చదివినవాడు, భార్యతో వచ్చాడు. నోబుల్ ఒంటరివాడు. చివరిదాకా ఒంటరిగానే ఉన్నాడు.

వాళ్ళు వచ్చేసరికి బందరు వైభవం తగ్గిపోయింది. నేత బట్టల వ్యాపారం పడిపోయింది. 1833లో డొక్కల కరువు వచ్చి గుంటూరు, బందరు ప్రాంతాలను తుడిచిపెట్టి ఎనిమిదేళ్ళయింది. అప్పటికి బెజవాడ దగ్గర ఆనకట్ట లేదు. కాటన్ దొర సలహా మీద కృష్ణ ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. ఈనాడు మనం చూసే పచ్చని డెల్టా ఆ తర్వాతది. నోబుల్ దిగిన ఊరు ఉప్పుగాలి, బురద, దోమలు, జ్వరాలు ఉన్న ఊరు. ఇంగ్లీషువాళ్ళ ఒంటికి అది పడదని అందరికీ తెలుసు.

ఇద్దరు స్నేహితులు, రెండు పనులు

దొర దిగిన వెంటనే ఏం చేశాడో తెలుసా? బడి పెట్టలేదు. ప్రసంగం చేయలేదు. బలపం పట్టుకున్న పిల్లవాడిలాగా తెలుగు అక్షరాల దగ్గర కూర్చున్నాడు. రెండేళ్ళు భాష నేర్చుకున్నాడు. కేంబ్రిడ్జిలో చదివి వచ్చినవాడికి ఒత్తులు, దీర్ఘాలు దిద్దుకోవడం ఎంత నామోషీగా ఉంటుందో ఆలోచించండి. మనం ఇంటి భాష ఒకటి మాట్లాడి, బడికి వచ్చి ఇంకో భాషలో చదువుతున్నాం కనుక ఆ కష్టం మనకు బాగా తెలుసు. తప్పు పలికితే క్లాసు నవ్వుతుంది. నవ్వినా మళ్ళీ పలకాలి. చదువులో మొదటి వినయం అదే.

తర్వాత పని పంచుకున్నారు. ఫాక్స్ ఊరూరూ తిరిగి బోధించాలి, నోబుల్ బందరులోనే ఉండి బడి నడపాలి. తిరిగే పని కళ్ళకు కనబడుతుంది. బడి పని కనబడదు. ఈరోజు చెప్పిన పాఠం ఫలితం ఎప్పుడో పదేళ్ళకు తెలుస్తుంది, ఒక్కోసారి అసలు తెలియదు. నోబుల్ ఆ కనబడని పనికి కుదురుకున్నాడు.

ఫాక్స్ బతుకు పెద్ద దుఃఖంగా మారింది. ఎండకు, తిరుగుడుకు ఆరోగ్యం చెడింది. 1845లో స్వదేశానికి బయలుదేరగా మద్రాసులోనే భార్య చనిపోయింది. ఆయన ఇంగ్లాండు వెళ్ళి, మళ్ళీ బందరు వచ్చాడు. మళ్ళీ జబ్బుపడ్డాడు. ఈసారి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. 1848 అక్టోబరులో అక్కడే చనిపోయాడు. అప్పటికి ఆయనకు 31 ఏళ్ళు.

నోబుల్ బందరులో మిగిలాడు. కలిసి వచ్చిన స్నేహితుడు లేడు. భార్యా పిల్లలు లేరు. తనకూ ఆరోగ్యం అంతంతమాత్రం. ఇక చాలు, వెళ్ళిపోతాను అంటే తప్పు పట్టేవాళ్ళు ఎవరూ లేరు. అయినా పొద్దున్నే లేచి బడికే పోయాడు.

బడి

ఆ బడి 1843 నవంబరులో మొదలైంది. మొదట చేరింది ఇద్దరంటే ఇద్దరు పిల్లలు. మన హాస్టల్లో ఒక గదిలో పడుకునే వాళ్ళకన్నా తక్కువ! ఇద్దరికోసం అంత చదివినవాడు పాఠం తయారుచేసుకుని రావడం చూసి నవ్వుకున్నవాళ్ళు ఉండే ఉంటారు. నెమ్మదిగా పిల్లలు పెరిగారు. ఎక్కువగా బ్రాహ్మణులు, వెలమలు మొదలైన పెద్ద కులాల కుటుంబాల అబ్బాయిలు. వాళ్ళ తండ్రులకు కావలసింది ఇంగ్లీషు. ఇంగ్లీషు వస్తే కచ్చేరీలో ఉద్యోగం వస్తుంది. నోబుల్‌కు కావలసింది వేరు. ఇంగ్లీషు, లెక్కలతోపాటు రోజూ బైబిలు పాఠం ఉండేది. ఈ సంగతి ఆయన దాచలేదు. తెలిసే పంపారు.

ఇక్కడొక మాట. దేవుని ముందు తగ్గించుకోవడం అంటే మెడ వంచుకుని, నేను పనికిరానివాణ్ణి అని పదిమందిలో చెప్పుకోవడం అనుకుంటాం. అలా చెప్పుకోవడంలో కూడా ఒక్కోసారి గర్వమే దాక్కుంటుంది. ఎంత వినయవంతుడో చూడండి అని ఎవరైనా మెచ్చుకోవాలని లోపల ఉంటుంది. నోబుల్ వినయం ఆయన మాటల్లో కాదు, దినచర్యలో ఉంది. అదే గంట, అదే గది, అదే పాఠం, కొత్త పిల్లలు. యేసుప్రభువు నడుముకు తువాలు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగాడని బైబిల్లో ఉంది. ఆ పని చేయడానికి ఆయన వేదిక ఎక్కలేదు, కింద కూర్చున్నాడు. నోబుల్ ఆ కథను పిల్లలకు చెప్పడమే కాక, 22 ఏళ్ళు దాని పక్కనే కూర్చున్నాడని నాకు అనిపిస్తుంది.

డెల్టా రైతుకు ఒక సంగతి బాగా తెలుసు. గింజ పట్టిన కంకి వంగుతుంది, తాలు కంకి నిక్కి నిలబడుతుంది. దూరం నుంచి చూస్తే నిక్కిందే బాగా కనబడుతుంది. కొడవలి పట్టుకుని దగ్గరికి వెళ్ళినప్పుడే ఏది గింజో, ఏది తాలో తెలిసేది.

1852లో ఏం జరిగింది?

తొమ్మిదేళ్ళు గడిచాయి. 1852లో ఆ బడి పిల్లల్లో ఇద్దరు యువకులు తాము క్రైస్తవులం అవుతామన్నారు. ఒకరు మంచాల రత్నం, బ్రాహ్మణుడు. ఇంకొకరు ఐనాల భూషణం, వెలమ. ఇద్దరూ ఇళ్ళు విడిచి నోబుల్ ఇంటికి వచ్చారు.

ఊరు భగ్గుమంది. బంధువులు, జనం దొర ఇంటి చుట్టూ మూగారు. ఇంటివాళ్ళు ఏడ్చి బతిమాలారు. ఆ ఏడుపును మనం తేలికగా తీసుకోకూడదు. కన్నకొడుకు ఇక తమ పంక్తిలో కూర్చోడు, తమ కర్మకాండలు చేయడు అంటే ఆ రోజుల్లో అది బిడ్డ చనిపోయినంత దుఃఖం. ఆ అబ్బాయిల మీద కూడా బరువు తక్కువ కాదు. మతం మారినా ఆస్తి హక్కు పోదని 1850లో ప్రభుత్వం చట్టం చేసింది. కాని చట్టం ఆస్తిని కాపాడుతుందేమో గాని అమ్మ చేతి ముద్దను కాపాడలేదు కదా. రత్నం, భూషణం కులాన్ని, ఇంటిని, ఊళ్ళో గౌరవాన్ని, పెద్ద ఉద్యోగాల ఆశను ఒక్కరోజులో వదులుకున్నారు. అయినా వెనక్కి పోలేదు. బాప్తిస్మం పొందారు.

బడి ఖాళీ అయింది. తండ్రులు పిల్లల్ని తీసుకుపోయారు. తొమ్మిదేళ్ళ కష్టం ఒక్క వారంలో పోయినట్టయింది. పేరు కోసం బడి పెట్టినవాడైతే ఆ ఇద్దర్నీ మెల్లగా పంపించేసి బడిని నిలబెట్టుకునేవాడు. నోబుల్ అలా చేయలేదు. ఖాళీ బల్లల ముందు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. కొంతకాలానికి పిల్లలు తిరిగి వచ్చారు. తర్వాత 1855లో జానీ అలీ అనే ముస్లిం విద్యార్థి కూడా అదే దారిలో నడిచాడు. మళ్ళీ గొడవ, మళ్ళీ కష్టం. ఆ జానీ అలీ తర్వాత కేంబ్రిడ్జి వెళ్ళి చదివి, తిరిగి మనదేశం వచ్చి సేవ చేశాడు. రత్నం, భూషణం ఇద్దరూ పాదిర్లయ్యారు.

నోబుల్ ఇంట్లో ఈ యువకులు ఆయన కొడుకుల్లాగే ఉండేవాళ్ళు. పెళ్ళి లేని దొరకు ఆ విధంగా తెలుగు సంసారం ఏర్పడింది.

మూసి ఉన్న తలుపు

మిత్రులారా, ఇంతవరకు మంచే రాశాను. ఇక్కడ ఆపేస్తే సగం నిజమే రాసినట్టవుతుంది.

నోబుల్ బడి అందరికీ తెరిచి లేదు. ఆనాడు అంటరానివాళ్ళు అన్నవాళ్ళ పిల్లల్ని, చెప్పులు కుట్టేవాళ్ళ పిల్లల్ని, పాకీపని వాళ్ళ పిల్లల్ని ఆయన చేర్చుకోలేదు. చేర్చుకుంటే పెద్ద కులాలవాళ్ళు తమ పిల్లల్ని పంపరని ఆయన లెక్క. ముందు పైవాళ్ళు మారితే, వాళ్ళను చూసి కిందివాళ్ళు మారతారు అన్నది ఆ కాలంలో చాలామంది మిషనరీల ఆలోచన. కలకత్తాలో అలెగ్జాండర్ డఫ్ 1830లో బడి పెట్టి ఈ పద్ధతిని పేరులోకి తెచ్చాడు. నీళ్ళు పైనుంచి కిందికి పారినట్టు చదువు, భక్తి కూడా పారతాయనుకున్నారు.

ఇది చదివితే మనకు బాధ కలుగుతుంది. కలగాలి కూడా. ఆ రోజున మన తాతముత్తాతలు ఎవరైనా కొండ దిగి, పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని ఆ గడపలో నిలబడి ఉంటే ఏమయ్యేది? ఇల్లు, దేశం, సుఖం, పేరు, అన్నిటినీ దేవుని ముందు వదులుకున్న మనిషి ఈ ఒక్క లెక్కను మాత్రం వదులుకోలేకపోయాడు. దేవుని ముందు వంగినవాడు బడి గుమ్మం దగ్గర మాత్రం ఊరి కట్టుబాటు ముందు వంగాడు. ఎంత భక్తిపరుడికైనా ఇంకా వదలవలసింది ఏదో ఒకటి మిగిలే ఉంటుందని దీన్నిబట్టి తెలుసుకోవాలి. ఆయన్ని దేవుణ్ణి చేయవద్దు, దోషిగా కొట్టిపారేయవద్దు. మనిషిగా చూద్దాం.

మెట్ట ఊరి వెంకయ్య

ఇప్పుడు అసలు విశేషం చెబుతాను. నీళ్ళు పైనుంచి పారతాయనుకుంటే, ఊట నేలలోనుంచి వచ్చింది.

కృష్ణా జిల్లా మెట్టభాగంలో రాఘవాపురం అనే ఊరు. అక్కడ పగోలు వెంకయ్య అనే ఆయన ఉండేవాడు. 1811లో పుట్టాడు, నోబుల్‌కన్నా రెండేళ్ళు చిన్న. మాల కులస్థుడు. పెద్ద చదువులు లేవు. ఆయనకు విగ్రహాల మీద నమ్మకం పోయింది. ఎక్కడో ఒక పెద్ద దేవుడు ఉన్నాడనుకున్నాడు. ఆ దేవుని పేరు తెలియదు, గ్రంథం తెలియదు, గుడి తెలియదు. అయినా, నువ్వెవరో నాకు చూపించు అని ఏళ్ళ తరబడి ప్రార్థన చేసుకున్నాడు. ఎవరూ నేర్పని ప్రార్థన అది.

ఆ కాలంలో టి. వై. డార్లింగ్ అనే మిషనరీ బెజవాడలో ఉండేవాడు. వెంకయ్య ఆయన దగ్గరికి వచ్చాడు. యేసు కథ విన్నాడు. తను వెతుకుతున్నది ఈయన్నే అన్నాడు. 1859 మార్చిలో వెంకయ్యతోపాటు ఆయన ఇంటివాళ్ళు, ఆ ఊరివాళ్ళు కొందరు బాప్తిస్మం పొందారు. ఆ తర్వాత వెంకయ్య ఊరుకోలేదు. ఊరూరూ తిరిగి తనవాళ్ళకు చెప్పాడు. 1891లో చనిపోయేవరకు ఆయన పని అదే. ఆ దారిలో కృష్ణా జిల్లా పల్లెల్లో వేల కుటుంబాలు నడిచాయి. గుడివాడ చుట్టుపక్కల నుంచి దివిసీమ దాకా ఈరోజు పల్లెపల్లెకూ కనిపించే చర్చిల వెనుక, బందరు బడిలో చదివిన కొద్దిమందికన్నా, ఇలా బడి గుమ్మం బయట ఉండిపోయిన వాళ్ళ విశ్వాసమే ఎక్కువగా ఉంది.

వెంకయ్యను చూస్తే ఇంకో సంగతి అర్థమవుతుంది. వినయం వేరు, అణిగి ఉండడం వేరు. ఊరు ఆయన్ని తక్కువవాడు అంది. అలా అనిపించుకుని తలవంచుకోవడం వినయం కాదు, అది ఇతరులు మన మీద పెట్టిన బరువు. వెంకయ్య దేవుని ముందు తనంతట తాను మోకరించాడు. అలా మోకరించినవాడు మనుషుల ముందు నిటారుగా నిలబడ్డాడు. కొండవాళ్ళు, ఏజెన్సీవాళ్ళు అని ఎవరైనా మనల్ని చులకన చేస్తే సర్దుకుపోవడమే భక్తి అని ఎవరూ అనుకోకండి. దేవుని దగ్గర చిన్నవాడు కావడం మనం ఎంచుకునేది. మనుషులు మనల్ని చిన్నవాళ్ళను చేయడం వాళ్ళు చేసే తప్పు.

ఆ కాలంలోనే ఈ వార్త మనలాంటి వాళ్ళ దగ్గరికి కూడా చేరింది. గోదావరి పైన దుమ్ముగూడెం దగ్గర నది పనులు చూస్తున్న హేగ్ అనే ఇంజనీరు అధికారి అడవిలోని కోయవాళ్ళ మీద శ్రద్ధ పెట్టాడు. ఆయన మాట మీద 1860 ప్రాంతంలో అక్కడ కోయ మిషన్ మొదలైంది. ఆయన దగ్గర గుమాస్తాగా ఉన్న వెంకటరామరాజు అనే ఆయన ఉద్యోగం మానుకుని కోయగూడేల మధ్య సేవకు దిగాడు. గుమాస్తా జీతం వదిలి అడవికి పోవడం ఎంత మాటో మీరే చెప్పండి.

ఉప్పెన

1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు మీద పెద్ద ఉప్పెన వచ్చింది. తుపాను గాలితో సముద్రం లేచి ఊళ్ళోకి నడిచి వచ్చింది. చీకట్లో ఎటు పోవాలో తెలియదు. ఎక్కడానికి కొండ లేదు. బందరులోను, చుట్టుపక్కల ఊళ్ళలోను కలిపి సుమారు 30,000 మంది చనిపోయారు. షార్కీ అనే మిషనరీ దంపతులు ఆ ఊళ్ళో ఆడపిల్లలకు హాస్టలు బడి నడిపేవాళ్ళు. ఆ రాత్రి ఆ బడి పిల్లల్లో 30 మందికి పైగా నీళ్ళలో కొట్టుకుపోయారు. మనలాగే ఇల్లు వదిలి వచ్చి చదువుకుంటున్న పిల్లలు. వాళ్ళ పేర్లు మనకు తెలియవు. ఈ వ్యాసం చదివినవాళ్ళు ఒక్క నిమిషం వాళ్ళను తలుచుకోండి.

ఆ తీరానికి ఇది కొత్త కాదు, చివరిది కూడా కాలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో కూడా అలాగే వేలమంది పోయారు. ప్రభుత్వ లెక్కల ప్రకారమే చనిపోయినవాళ్ళు సుమారు 10,000 మంది. ఆస్తి ఉన్నవాడు, లేనివాడు అని నీళ్ళు చూడలేదు. డాబా ఉన్నవాళ్ళు కులం చూడకుండా చెయ్యి అందించిన చోట మాత్రం కొన్ని ప్రాణాలు నిలిచాయి.

1864 ఉప్పెన తర్వాత బందరు మళ్ళీ పాత బందరు కాలేదు. వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళిపోయారు. నోబుల్ మాత్రం వెళ్ళలేదు. వచ్చినప్పటినుంచి 24 ఏళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఇంగ్లాండు పోలేదు. ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. ఉప్పెన వచ్చి ఏడాది నిండకుండానే, 1865 అక్టోబరు 17న బందరులోనే చనిపోయాడు. అప్పటికి ఆయనకు అరవై ఏళ్ళు కూడా లేవు.

తర్వాత

ఆయన పోయాక బడి పోలేదు. పెరిగి కాలేజీ అయింది. తర్వాతి కాలంలో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారివంటి గొప్ప గురువు అందులో పాఠాలు చెప్పారు. ఆయన బ్రహ్మసమాజం వారు, క్రైస్తవులు కారు. అనాథ పిల్లల్ని, అంటరానివాళ్ళు అనిపించుకున్న పిల్లల్ని దగ్గరికి తీసిన మహనీయులు. నోబుల్ గుమ్మం దగ్గర ఆపినవాళ్ళను ఆయన పేరున్న కాలేజీలో పనిచేసిన గురువే చేతులు చాచి పిలిచాడన్నమాట. దేవుడు ఒక మనిషి చేత మొదలుపెట్టించిన పనిని ఇంకో మనిషి చేత దిద్దిస్తాడు.

మనకు ఏమిటి?

మనం చదువుకునేది ఎందుకు? ఉద్యోగం కోసం. అది తప్పు కాదు. మన ఇళ్ళలో ఆకలి ఉంది, అప్పులు ఉన్నాయి, నాన్న చేతులు కాయలు కాసి ఉన్నాయి. జీతం తీసుకుని ఇంటికి పంపడం కూడా దేవుడు మెచ్చే పనే. లోకంలోని కోరికలు వదులుకోవాలి అని బోధకులు చెప్పినప్పుడు, కడుపు నిండినవాడు చెప్పే మాటకీ కడుపు కాలేవాడు వినే మాటకీ తేడా ఉంటుందని పెద్దలు గుర్తుంచుకోవాలి. పేదవాడు అన్నం కోరడం దురాశ కాదు.

మరి వదలవలసింది ఏమిటి? నాకు తోచింది చెబుతాను. నాలుగు అక్షరాలు రాగానే గూడెం నుంచి వచ్చిన అమ్మానాన్నలను గేటు దగ్గర చూసి సిగ్గుపడే గుణం. ఇంటి భాష మరిచిపోయినట్టు నటించడం. ఫస్టు ర్యాంకు వస్తే వెనక బెంచీవాణ్ణి మనిషిగా చూడకపోవడం. సెలవుల్లో ఇంటికి వెళ్ళి, చెల్లెలికి రెండు అక్షరాలు చెప్పకుండా గొప్పలు చెప్పి రావడం. ఇవి చిన్నవే. కాని గుమ్మం దగ్గర తలుపు మూసేది ఇవే. నోబుల్ దగ్గర కేంబ్రిడ్జి గర్వం మిగలలేదు గాని ఒక తలుపు మూసి ఉండిపోయింది. మన దగ్గర ఎన్ని తలుపులు మూసి ఉన్నాయో ఎవరికివారు చూసుకోవాలి.

రేపు మనలో ఒకరు టీచరు కావచ్చు, నర్సు కావచ్చు, ఫారెస్టు ఆఫీసరు కావచ్చు. అప్పుడు పట్నంలో పోస్టింగు ఒకటి, కొండమీద పోస్టింగు ఒకటి ఎదురొస్తాయి. కొండమీద బడిలో ఇద్దరే పిల్లలు ఉండవచ్చు. ఆ రోజున బందరులో ఇద్దరు పిల్లల ముందు నిలబడి పాఠం మొదలుపెట్టిన ఆ మాస్టారిని తలుచుకోండి. ఎవరూ నేర్పకుండా మోకరించిన వెంకయ్యను కూడా తలుచుకోండి. ఒకరు ఎత్తునుంచి దిగారు, ఒకరు లోతునుంచి లేచారు. ఇద్దరూ దేవుని ముందు ఒకే నేల మీద నిలిచారు. అక్కడ పై బెంచీ, కింద బెంచీ లేవు.